రెండో వస్తువు

పదకొండుకు ఎనిమిది నిమిషాలు తక్కువగా ఉన్నప్పుడు డిపార్ట్‌మెంట్ ఆఫీసు గేటు దగ్గర ఎక్స్‌రే తెర మీద కత్తెర కనబడింది.

తెర ముందు కూర్చున్న ఆమెకు పంతొమ్మిదేళ్ళ సర్వీసు. తోటివాళ్ళు గద్దక్క అంటారు. బెల్టు ఆపింది.

“ఆ గోధుమరంగు బ్యాగు ఎవరిది బాబూ?”

ఫ్యాన్లు బాగుచేసే మనిషి క్యూలోంచి ముందుకొచ్చి తల గోక్కున్నాడు. “నాదే అక్కా. వైర్లు కోసుకోవడానికి పెట్టుకున్నా. మర్చేపోయా.”

ఆమె కత్తెర తీసి ట్రేలో పడేసింది. రిజిస్టర్లో ఒక లైను రాసింది. బ్యాగు అతని చేతికిచ్చింది. వెనక ఇరవై మంది గొణుగుతున్నారు. బెల్టు మళ్ళీ కదిలింది.

పద్నాలుగు నిమిషాల తరవాత ఆ బ్యాగు మూడో అంతస్తులో ఒక కుర్చీ కింద ఉంది. పెట్టినవాడు లేడు. బ్యాగులో బొటనవేలంత స్టీలు గొట్టం ఒకటి దానంతటదే మూత తీసుకుంది. అందులోంచి వచ్చిన గ్యాస్‌కు రంగు లేదు, వాసన లేదు. విదేశీ ముఠాలో వైర్‌లెస్ నడిపిన మనిషి ఒకడు పారిపోయి వచ్చి ఆ గదిలో సాక్ష్యం చెబుతున్నాడు. మొదటి వాక్యం సగంలో నోరు తెరిచాడు, మూయలేకపోయాడు. ఎదురుగా రాసుకుంటున్న స్టెనో నోట్‌బుక్ మీదే వాలిపోయింది. గార్డు తలుపు తెరవాలని లేచాడు. తలుపు మూడడుగుల దూరంలో ఉంది. అతను రెండే నడిచాడు.

*

డిపార్ట్‌మెంట్ పెద్దాయన పిలిపించిన మనిషి కాగితాల్లో ఏజెంట్ ముప్పై ఒకటి. నోటి పేరు నత్త. నడక నెమ్మది, మాట ఇంకా నెమ్మది. చూపు మాత్రం మడిలో నిలబడ్డ కొంగ చూపు. కదలదు, వదలదు.

పెద్దాయన గది తలుపు వెనక నుంచి గొంతు వచ్చింది. “టైమెంతయింది?”

“నా గడియారం ఆగిపోయింది.”

“బాగు చేయించుకో.”

“స్ప్రింగు దొరకడం లేదు.”

కోడ్ సరిపోయింది. తలుపు తెరుచుకుంది. పెద్దాయన బల్ల మీద ఎక్స్‌రే ఫోటో పరిచి ఉంది.

“గొట్టం కనబడుతోందా?”

“కనబడుతోంది సార్. కత్తెరకు జానెడు దూరంలో. కింద, ఎడమ మూల.”

“ఎంత స్పష్టంగా?”

“పిల్లలు కూడా వేలు పెట్టి చూపిస్తారు.”

“మరి పంతొమ్మిదేళ్ళుగా ఇదే పని చేస్తున్న మనిషికి కనబడలేదట. నేను నమ్మాలా?”

నత్త ఫోటోను దగ్గరికి లాక్కున్నాడు.

“రేపు పది గంటలకు మ్యాపులాయన వస్తాడు,” అన్నాడు పెద్దాయన. “ముఠా దాక్కునే ఇళ్ళన్నీ కాగితం మీద గీసి ఇస్తానన్నాడు. ఇద్దరు సాక్షుల్లో మిగిలింది ఇతనొక్కడే. అదే గేటు, అదే హాలు. వాయిదా వేస్తే భయపడి మాయమవుతాడు. చస్తే మన చేతిలో బూడిద కూడా ఉండదు.”

“తెర చూసే ఆవిడ ఎక్కడుంది సార్?”

“కింద. మనవాళ్ళు అడుగుతున్నారు.”

ఆ డిపార్ట్‌మెంట్‌లో అడగడం చేత్తో చేసే పని.

“అమ్ముడుపోయిందా, మోసపోయిందా తేల్చు. అమ్ముడుపోతే ఉరి.”

“మోసపోతే?”

“ఇంటికి.”

*

కింద గదిలో ప్రశ్నలడిగే ఆఫీసరు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటున్నాడు. గద్దక్క కుర్చీలో ఉంది. కుడిచేతి వేళ్ళు రెండు ఉండాల్సిన వైపు లేవు.

“నువ్వు కూడా కొడతావా బాబూ?” అంది.

“లేదక్కా.”

“అయితే మంచినీళ్ళు ఇప్పించు. వీళ్ళు నెత్తిన పోస్తున్నారు గాని నోట్లో పోయడం లేదు.”

నత్త నీళ్ళిచ్చి, ల్యాప్‌టాప్ తెరిచి ఆమె ముందు పెట్టాడు. అందులో నలభై బ్యాగుల ఎక్స్‌రే బొమ్మలున్నాయి. ఒక వస్తువు దాచినవి ఇరవై. రెండు దాచినవి ఇరవై.

మొదటి ఇరవైలో ఒక్కటీ తప్పలేదు. కత్తి, చాకు, తూటా, బ్లేడు. బొమ్మ తెర మీద పడగానే ఎడమచేతి వేలు దాని మీద ఉంది. రెండో ఇరవై వచ్చింది. మొదటి వస్తువును అంతే వేగంగా పట్టింది. “చాకు,” అని తల వెనక్కి వాల్చింది. రెండోది ఆ చాకు పక్కనే ఉంది. ఇరవైలో పదిహేడు సార్లు దాన్ని వదిలేసింది.

నత్త ఆఫీసరు వైపు తిరిగాడు. “నువ్వు కూర్చో.”

“నేనెందుకు?”

“కూర్చో.”

ఆఫీసరు పద్దెనిమిది వదిలేశాడు.

“అయితే నువ్వు కూడా అమ్ముడుపోయావన్నమాట,” అన్నాడు నత్త. ఆఫీసరు తువ్వాలు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. చేతులు అప్పటికే పొడిగా ఉన్నాయి.

గద్దక్క తను వదిలేసిన వాటిని ఒక్కొక్కటే చూసుకుంది. ఏడవలేదు. “రోజుకు మూడు వేల బ్యాగులు బాబూ. వెతికేవాడికి దొరకడమంటే పని అయిపోవడమే. దొరికిందనుకోగానే కళ్ళ బరువు దిగిపోతుంది. ఇంత పెద్ద గొట్టం... నా ఎదురుగానే ఉందా?”

“ఉంది. మీ కళ్ళు ఇలా ఆగిపోతాయని బయటివాళ్ళకెలా తెలుసు?”

“ఆరు వారాల కింద కళ్ళ డాక్టరమ్మ వచ్చింది. డిపార్ట్‌మెంటే పంపించింది. మాకందరికీ వైర్లున్న కళ్ళజోడు పెట్టి ఇలాంటి బొమ్మలే చూపించింది. ఎవరి చూపు ఎటు తిరిగి ఎక్కడ ఆగుతుందో కంప్యూటర్లో గీతలు గీసుకుంది. నాకే ఫస్టు మార్కు అంది.”

“ఎక్కడెక్కడ తిరిగిందావిడ?”

“అంతా చూసింది. బాంబులు పెట్టే ఉక్కు గది కూడా. దానికి గాలి వేరే గొట్టంలో వస్తుందంటే, భలే ఉందే అంది.”

*

సాయంత్రం నాలుగు గంటలకు కళ్ళ డాక్టరు పెద్దాయన గదిలోకి వచ్చింది. ముందు సెంటు వచ్చింది, తరవాత మడమ జోళ్ళ టకటక, ఆ తరవాత ఆమె. పొట్టి జుట్టు, ఎర్ర ఫ్రేము కళ్ళజోడు. వయసు ముప్పై అనుకోవచ్చు, నలభై అనుకోవచ్చు. ఆమె నవ్వితే ఎదుటివాడు తన వయసు కూడా మర్చిపోతాడు.

మూలన ఫైళ్ళు సర్దుతున్న ముసలి గుమాస్తాను ఆమె పట్టించుకోలేదు. నెరిసిన విగ్గు, వంగిన నడుము, ఒక కంటి మీద శుక్లంలా అంటించిన తెల్లటి పొర. నత్తకు అది ఆరో వేషమో ఏడోదో.

“కాస్త వివరంగా చెప్పండి డాక్టరుగారూ,” అన్నాడు పెద్దాయన. “ఎదురుగా ఉన్నది మనిషికి ఎందుకు కనబడదు?”

“కన్ను కెమెరా కాదు సార్. సెకనుకు మూడు సార్లు గెంతుతుంది. గెంతే ఆ క్షణంలో దాదాపు గుడ్డిది. ఎక్కడికి గెంతాలో చెప్పేది మెదడు. నడినెత్తి కింద ఒక మ్యాప్ ఉంటుంది. ఇక్కడ మెరుపు, ఇక్కడ కదలిక, ఇక్కడ మొహం, అని గుర్తులు పెడుతుంది. నుదుటి వెనక నుంచి ఆర్డరు వస్తుంది, కత్తి వెతుకు అని. రెండూ కలిసి ఒక టార్చి వేస్తాయి. టార్చి పడ్డ చోటే మనం చూస్తాం. మిగతాది చూశామనుకుంటాం.”

“టార్చి ఎప్పుడు ఆరుతుంది?”

“వెతికేది దొరకగానే.” ఆమె నవ్వింది. “చూపిస్తాను. మీ గుమాస్తాను పిలవండి. ఏం తాతా, ఒక కన్ను పనిచేస్తుందా?”

“సగం పనిచేస్తుందమ్మా.”

“పర్లేదు. మా మిషన్‌కు ఒక్క కన్ను చాలు.”

ఆమె బ్యాగులోంచి వైర్ల కళ్ళజోడు తీసి అతనికి పెట్టింది. గోడ మీద ఆమె తెచ్చిన ఎక్స్‌రే బొమ్మ ఒక సెకను మెరిసింది. అతని చూపు ఎటు తిరిగిందో ల్యాప్‌టాప్‌లో ఎర్ర చుక్క చెప్పింది. సూటిగా చాకు మీదికి వెళ్ళి అక్కడే చతికిలబడింది.

“చూశారా? తాత కూడా అంతే.”

“భలే ఉంది,” అన్నాడు పెద్దాయన. “మీరూ ఒకసారి పెట్టుకోండి, చూద్దాం.”

ఆమె నవ్వు తగ్గలేదు. కానీ చేతికి కళ్ళజోడు అందుకోవడానికి కొంచెం ఎక్కువసేపు పట్టింది. వద్దంటే కారణం చెప్పాలి. పెట్టుకుంది.

ఈసారి పెద్దాయన వేసిన పొద్దుటి బ్యాగు బొమ్మ గోడ మీద మెరిసింది.

“కత్తెర,” అందామె.

గుమాస్తా నడుము నిటారుగా చేసి, కంటి మీది పొర ఊడదీసి బల్ల మీద పెట్టాడు. ల్యాప్‌టాప్ ఆమె వైపు తిప్పాడు. ఎర్ర చుక్క ముందు కింద ఎడమ మూలకు దూకింది. గొట్టం దగ్గరికి. అక్కణ్ణుంచి కత్తెర మీదికి వచ్చింది.

“మధ్యాహ్నం నుంచి ఈ బొమ్మ పదిహేను మందికి చూపించాను,” అన్నాడు నత్త. “అందరూ ముందు కత్తెర మీదే వేలు పెట్టారు. గొట్టం ఎక్కడుందో ముందే తెలిసినవాళ్ళ చూపే తిన్నగా దాని మీదికి పోతుంది. మీ నోరు జాగ్రత్తపడేలోపు మీ కన్ను అక్కడికి వెళ్ళొచ్చింది డాక్టరుగారూ.”

ఆమె కళ్ళజోడు తీసి మడిచింది. “మొదటి గెంతు ఎవరి చేతిలోనూ ఉండదు,” అంది. పాఠం చెబుతున్నట్టే. “ఎంతకాలంగా అనుమానం?”

“మూడు గంటలుగా.”

పెద్దాయన గంట కొట్టాడు. ప్రశ్నలడిగే ఆఫీసరు తువ్వాలుతో సహా లోపలికి వచ్చాడు. డాక్టరు అతని మొహం చూడలేదు, చేతులు చూసింది.

“అవసరం లేదు. చెబుతాను. మీ జీతం, వాళ్ళ జీతం రెండూ తీసుకున్నాను. రేపు టెలిఫోన్లు బాగుచేసే మనిషిలా ఒకడు వస్తాడు. టూల్ బ్యాగు. అందులో చాకు, పైకే కనబడుతుంది. గొట్టం బ్యాగు పట్టీలో కుట్టి ఉంటుంది. వాడి మొహం నాకొక్కదానికే తెలుసు.”

“గేటు దగ్గర నిలబడి వాణ్ని చూపించు,” అన్నాడు పెద్దాయన. “నీ ప్రాణం నీది. నా మాట.”

పెద్దాయన ఆ మాట ఇదివరకు పదకొండు మందికిచ్చాడు. అది నిలబడిందో లేదో చెప్పడానికి వాళ్ళలో ఎవరూ లేరు.

ఇంత తేలిగ్గా చెప్పేసిందేమిటని నత్తకు ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంది. కానీ పొద్దుటి నుంచి వెతుకుతున్నది దొరికింది. ముల్లు సంగతి మర్చిపోయాడు.

*

“కుర్చీలో ఆవిడే కూర్చోవాలి,” అన్నాడు నత్త మర్నాడు పొద్దున.

“వేళ్ళు విరిగినదా?” అన్నాడు పెద్దాయన.

“కళ్ళు విరగలేదు సార్.”

గద్దక్కను తెచ్చి కూర్చోబెట్టారు. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. “ఇంట్లో మా అత్తగారు ఈపాటికి నా బట్టలు పంచేసుంటుంది,” అంది. తరవాత, “ఈసారి కూడా తప్పితే?”

“ఇక్కడ మొదట పోయేది నువ్వే అక్కా.”

“పోన్లే. అడిగేవాళ్ళుండరు.”

ఆమె ఎడమచేతికి అందేలా కొత్తగా ఒక ఎర్ర మీట బిగించారు. అది నిన్న సాయంత్రం చేసిన పని. బెల్టు చివర గోడ అవతల ఉక్కు గది ఉంది. పనివాళ్ళు ఆ గోడకు రంధ్రం కోసి, రేకు తలుపు పెట్టి, బెల్టు నుంచి జారుడు బల్ల కలిపారు. మీట నొక్కితే బెల్టు మీదున్నది లోపలికి జారుతుంది, గది అన్ని వైపులా బిగుసుకుంటుంది. ఈ సంగతి హాల్లో పనిచేసేవాళ్ళకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

నత్త ఖాకీ చొక్కా వేసుకుని నేల తుడుస్తున్నాడు. డాక్టరు రిసెప్షన్ బల్ల పక్కన నిలబడింది. బేడీలు లేవు. బేడీలు చూస్తే వచ్చేవాడు బెదురుతాడు.

తొమ్మిదీ యాభై ఒకటి. డాక్టరు ఎర్ర ఫ్రేము పైకి జరుపుకుంది. అది సైగ. టెలిఫోన్ మనిషి టూల్ బ్యాగు బెల్టు మీద పెట్టాడు.

“చాకు,” అంది గద్దక్క. బెల్టు ఆపింది. కళ్ళు మాత్రం ఆగలేదు. “పట్టీలో గొట్టం.”

తుడుపు కర్ర టెలిఫోన్ మనిషి మోకాళ్ళ వెనక తగిలింది. వాడు బోర్లా పడ్డాడు. ఇద్దరు గార్డులు వాడి మీద కూర్చున్నారు. “దొరికింది!” అన్నారెవరో. హాలంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. బాంబు నిపుణుడు మిషన్‌లోకి చెయ్యి పెట్టి పట్టీ కోసి గొట్టం లాగి పెట్టెలో పెట్టాడు. ఫోటోలాయన తెర మీది బొమ్మకు, మిషన్‌లో ఉన్న బ్యాగుకు ఫోటోలు తీస్తున్నాడు. గార్డులు మెడలు సాచి చూస్తున్నారు. నత్త కూడా చూస్తున్నాడు. గుండెల మీద నుంచి బస్తా దింపినట్టుంది.

రేడియో గరగరలాడింది. “మ్యాపులాయన కారు దిగాడు. హాలు క్లియరా?”

“క్లియర్,” అన్నాడు నత్త.

తొమ్మిదీ యాభై తొమ్మిది.

“ఇంకోటుంది,” అంది గద్దక్క.

“రెండూ దొరికాయి అక్కా.”

“నిన్నటి నుంచి నాకేదీ దొరికినట్టు అనిపించడం లేదు బాబూ.” ఆమె తెర మీద నుంచి కళ్ళు తిప్పలేదు. అసలు తిప్పనే లేదు. “బ్యాగులో ఫోన్ రిసీవరుంది, చూడు. వినే వైపు తీగచుట్ట ఉంది. మాట్లాడే వైపు కూడా అలాగే ఉండాలి. అక్కడ నల్లగా ముద్ద ఉంది. ముద్దలో పళ్ళచక్రం ఉంది. తిరుగుతోంది.”

నత్త కింద పడున్నవాడి వైపు చూశాడు. వాడు బ్యాగు చూడటం లేదు, గార్డుల తుపాకులు చూడటం లేదు. మెడ మెలితిప్పి గోడ గడియారం చూస్తున్నాడు. బుగ్గలు బూరాల్లా ఉబ్బి ఉన్నాయి. ఊపిరి బిగబట్టుకుంటున్నాడు.

నిన్న ముఠాకు బ్యాగు గేటు దాటాలి. ఇవాళ గేటు దగ్గర పట్టుబడాలి. పట్టుబడితే అందరూ దాని చుట్టూ చేరతారు, మ్యాపులాయన సరిగ్గా పది గంటలకు దాని పక్క నుంచి నడుస్తాడు. ముఠా తన తెలివిని కాదు, నత్త తెలివినే నమ్ముకుంది.

అతను నోరు తెరిచేలోపు గద్దక్క ఎడమచెయ్యి ఎర్ర మీట మీద పడింది. బ్యాగు జారింది. రేకు తలుపు పడింది. ఉక్కు గది నాలుగు వైపులా బిగుసుకుంది. పది కావడానికి ఇంకా ఏడు సెకన్లున్నాయి.

ఉక్కు తలుపు లోపలి నుంచి పిడికిళ్ళ చప్పుడు వినబడింది.

రిసెప్షన్ బల్ల పక్కన ఎవరూ లేరు. ఉక్కు గది గుమ్మం ముందు మడమ జోళ్ళు పక్కపక్కన విడిచి ఉన్నాయి. నడక చప్పుడు కాకూడదని డాక్టరు విడిచింది. హాలంతా బ్యాగు చూస్తుందని, ఎంతసేపు చూస్తుందో కూడా ఆమెకు తెలుసు. వేరే గాలి వచ్చే గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

ఒక గార్డు పరుగెత్తి పిడి పట్టుకున్నాడు. నత్త అతని మణికట్టు పట్టుకున్నాడు.

“తెరిస్తే?” అన్నాడు గార్డు.

“ఆ గ్యాస్ హాల్లోకి వస్తుంది.”

తలుపులో అరచేతంత గాజు ఉంది. అందులో ఆమె కళ్ళు కనబడ్డాయి. నత్త మీదికి, పిడి మీదికి, గార్డు మీదికి, మళ్ళీ పిడి మీదికి గెంతుతున్నాయి. సెకనుకు మూడు సార్లే. తరవాత పిడి మీద ఆగి, ఇక ఎక్కడికీ పోలేదు. చప్పుడు ఇంకో రెండు సార్లు వచ్చి ఆగిపోయింది.

మ్యాపులాయన అదే సమయానికి హాల్లోకి వచ్చాడు. పొట్టిగా, చంకలో కాగితపు చుట్టతో.

“ఆ చప్పుడేమిటండీ?”

“రిపేరు పని సార్,” అన్నాడు నత్త. “ఇటు రండి, నేల తడిగా ఉంది.”

*

మధ్యాహ్నానికి మ్యాపులాయన ముఠా ఇళ్ళు పద్నాలుగు గీసిచ్చాడు. సాయంత్రానికి వాటిలో పన్నెండింట్లో మనుషుల్ని పట్టుకున్నారు. మిగతా రెండింట్లో పట్టుకోవడానికి ఎవరూ మిగల్లేదు.

పెద్దాయన గద్దక్కను ఎదురుగా నిలబెట్టాడు.

“ఆ గదిలో మనిషి ఉందని నీకు తెలుసా?”

“నా డ్యూటీ తెర చూడటం సార్. గదులు చూడటం కాదు.”

మధ్యాహ్నం హాలు ఖాళీగా ఉన్నప్పుడు నత్త ఆమె కుర్చీలో కూర్చుని చూశాడు. తెరకు పైన గుండ్రటి అద్దం ఒకటి ఉంది, క్యూ చూసుకోవడానికి. అందులో ఉక్కు తలుపు పై నుంచి కింది దాకా కనబడుతుంది.

“నువ్వు చెప్పు,” అన్నాడు పెద్దాయన అతనితో. “ఆవిడ లోపలికి వెళ్ళడం ఎవరైనా చూశారా?”

నత్త ఆమె చేతి కట్టు వైపు చూశాడు. “అందరం బ్యాగే చూస్తున్నాం సార్.”

పెద్దాయన ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. అప్పుడు కొంచెం నవ్వాడు. అతని మొహానికి అది అలవాటు లేని పని.

“ఇంటికి వెళ్ళొచ్చా సార్?” అంది గద్దక్క.

“వెళ్ళు. సోమవారం డ్యూటీకి రా. వేళ్ళకు సెలవు లేదు, కళ్ళకే జీతం.”

ఆమె వెళ్ళింది. పెద్దాయన కొత్త స్టెనోను పిలిచి, రిపోర్టు చివరి లైను చెప్పాడు.

“డాక్టరుగారు పరిశోధన మధ్యలో పోయారు, అని రాయి.”